రెండు ఏబీ యాడనుంచి వచ్చింది

మా బడిలో ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ మధ్య ఉన్న గోడ పైకప్పు దాకా పోదు. పైన మూరెడు ఖాళీ ఉంటుంది. అవతల తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పే ఆయన కొట్టే దెబ్బల చప్పుడు ఆ ఖాళీలోనుంచి నా క్లాసులోకి వచ్చేది. వచ్చినప్పుడల్లా నా పిల్లలు రాయడం ఆపి, ఆ దెబ్బ తమ మీదే పడినట్టు తలలు దించుకునేవాళ్ళు. ఒకరిని కొట్టేటప్పుడు మిగతా పిల్లలు లెక్కపెట్టాలన్నది ఆయన పద్ధతి. వాళ్ళు కన్నడంలో, ఒకే గొంతుతో లెక్కపెట్టేవాళ్ళు. ఒందు, ఎరడు, మూరు. ఎవరి నోరైనా కదలకపోతే ఆ తరువాతి వంతు వాళ్ళది.

కర్ణాటకలోని బాగేపల్లి నుంచి లోపలికి పోయే దారిలో ఉంది ఆ ఊరు. నేను పేరేసంద్ర నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆయనది చింతామణి, వ్యాపారస్తుల కుటుంబం. బాగేపల్లిలో గది తీసుకుని ఉండి, ఆదివారం మాత్రం ఇంటికి పోయేవారు. బడిలో లెక్కల టీచర్లం మేమిద్దరమే. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆయన జుట్టు నెరిసి ఉంది.

బెత్తం కూడదని ఆర్డరు వచ్చాక ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. చేతికి తాళం వేసేవాళ్ళు లేరు. వేళ్ళు మడిచి కణత మీద, అరచెయ్యి విప్పి చెంప మీద, చెక్క స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ళ కణుపుల మీద. ఇది చాలామంది తల్లిదండ్రులకు తప్పనిపించేది కాదు. బడిలో చేర్పించిన రోజే "కండ్లు రెండూ ఇడిసిపెట్టి యాడన్నా కొట్టు సార్" అని అప్పజెప్పి పోయేవాళ్ళు. నేను ఒకటికి రెండుసార్లు హెడ్మాస్టరుతో చెప్పి చూశాను.

"పదో తరగతి రిజల్టు చూడమ్మా," అన్నారు హెడ్మాస్టరు. "లెక్కల్లో తప్పేవాళ్ళు మన బడిలో తక్కువ. ఆయన క్లాసు ఆయన చూసుకుంటాడు, నీ క్లాసు నువ్వు చూసుకో."

నేను మండికల్‌లో చదువుకునే రోజుల్లో మా లెక్కల మేష్టరు చెవి మెలిపెట్టి, మునివేళ్ళ మీద నిలబడేదాకా పైకెత్తేవాడు. నేను లెక్కల టీచరునయింది ఆ భయంతోనా, దాని మీద కోపంతోనా అన్నది ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఏడు బడులు తెరిచిన కొత్తలో విద్యా ఇలాఖె, అంటే విద్యాశాఖ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. హైస్కూలు లెక్కల టీచర్లందరూ బీజగణితం మళ్ళీ చదువుకోవాలి. ఎక్కడికీ పోనక్కరలేదు. ఫోనులో వీడియో పాఠాలు చూసి, చివర ఇచ్చే ప్రశ్నలకు జవాబులు పంపాలి. శనివారాలు మధ్యాహ్నం ఆన్‌లైన్ క్లాసులో కూర్చోవాలి.

"ఇన్నేండ్లు చెప్పినోనికి మళ్ళీ అఆఇఈలు నేర్పిస్తారంట చూడమ్మా," అన్నారాయన స్టాఫ్ రూములో. కానీ లాగిన్ కావడం ఆయనకు రాలేదు. శనివారం పిల్లలు వెళ్ళిపోయాక కంప్యూటరు గదిలో నా లాప్‌టాప్ ముందే ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆయన చేతులు కట్టుకుని, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చునేవారు.

నాకు మాత్రం ఆ పాఠాలు నచ్చాయి. పేరేసంద్ర బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూసేదాన్ని. సమానం గుర్తును పిల్లలు 'రెండు వైపులా ఒకటే' అని కాకుండా 'ఇక్కడ జవాబు రాయి' అని చదువుకుంటారని, సమీకరణాల్లో సగం తప్పులు అక్కడే పుడతాయని ఒక పాఠంలో చెప్పారు. మర్నాడు నా క్లాసులో అడిగి చూస్తే నిజమే. నేను అన్నేళ్ళుగా ఎర్ర ఇంకుతో కొట్టేసిన తప్పుల వెనక ఒక ఆలోచన ఉందని అప్పుడు తెలిసింది. ఆ సంగతి ఆయనతో చెబితే, "ఆలోచనా? సోమరితనం," అన్నారు.

ఆ శనివారం హెడ్మాస్టరు మీటింగుకని బాగేపల్లి పోయారు. బడిలో మేమిద్దరమే ఉన్నాం. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేది చిన్న వయసు అమ్మాయి, మెత్తటి కన్నడం. స్క్రీన్ మీద ఒక పాప జవాబు కాగితం చూపించింది. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌కు ఆ పాప ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసి ఊరుకుంది. మధ్యలో రావలసిన రెండు ఏబీ లేదు.

"ఈ బిడ్డ ఏమనుకుని ఇలా రాసి ఉంటుంది?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఆయన తనంతట తానే ముందుకు వంగి మైకు నొక్కారు. "చెంప మీద ఒకటి పడితే సరిగ్గా రాస్తుంది మేడమ్."

ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. "నేనే ఆ బిడ్డను అనుకోండి సార్. ఆ రెండు ఏబీ ఎక్కడినుంచి వచ్చింది?"

"గుణిస్తే వస్తుంది." ఆయన గడగడా గుణించి చెప్పారు. అందులో తప్పేమీ లేదు.

"నాకు ఇంకా అర్థం కాలేదు సార్. రెండింటికీ విడివిడిగా వర్గం చేస్తే ఏం తక్కువవుతుంది? ఒక చతురస్రం గీసి, తక్కువైన చోటు ఎక్కడుందో చూపిస్తారా?"

స్క్రీన్ మీద తెల్ల బోర్డు తెరుచుకుంది. ఆయన మౌస్ పట్టుకున్నారు. వంకరటింకరగా ఒక చతురస్రం గీశారు. దానికి ఒక మూలనుంచి ఇంకో మూలకు గీత లాగారు. అక్కడ ఆగిపోయారు. గౌరిబిదనూరు, చింతామణి, చిక్కబళ్ళాపురం టీచర్ల ముఖాలు చిన్న చిన్న గడుల్లో ఆ గీతను చూస్తూ ఉన్నాయి. మైకు ఆపడం మరిచిపోయిన ఎవరో, పక్కవాళ్ళతో తెలుగులో అన్నారు: "ఈయప్పే కదా, ఆదివారం చింతామణిలో ట్యూషన్ చెప్పేది." వెంటనే నవ్వు వినిపించింది.

ఆయన లాప్‌టాప్ మీద పిడికిలితో గుద్దారు. స్క్రీన్ నడిమధ్య పగిలి, గీతలన్నీ రంగురంగులుగా చెదిరిపోయాయి. మూత విరిచేలా మూసి, దాన్ని బల్ల మీదనుంచి తోసేశారు. తరువాత కుర్చీని తన్నారు. అది గోడకు తగిలి ఒక కాలు ఊడిపోయింది.

"అందరి ముందర నా మర్యాద తీయల్లనే ఈడ కూర్చోబెట్టినావు కదా?"

"నేనేం చేసినాను సార్? మీరే మైకు నొక్కినారు."

ఆయన చెయ్యి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ గాలి నా చెంపకు తగిలింది, చెయ్యి మాత్రం తగల్లేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన మెట్లు దిగిపోతున్నారు. పగిలిన గాజు ముక్కలు ఏరుతుంటే నా వేళ్ళు రెండుచోట్ల తెగాయి.

సోమవారం నా ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూ అవతలి గది కూడా వింటూనే ఉన్నాను. ఆయన బోర్డు మీద సుద్దతో గట్టిగా కొట్టి కొట్టి రాస్తున్నారు. సూత్రం మూడుసార్లు చదివించారు. తరువాత ఒక ఆడపిల్ల గొంతు వినబడింది. ఎవరిదో నాకు తెలుసు. ఆ పిల్ల పొద్దున్నే పాలక్యాను మోసుకెళ్ళి డెయిరీలో పోసి, అట్నుంచే బడికి వచ్చేది. కిందటేడు నా క్లాసులో ఉన్నప్పుడు ఏం చెప్పినా "ఏంటికి మిస్?" అని అడిగేది.

"సార్, ఆ రెండు ఏబీ యాడనుంచి వచ్చింది?"

అవతల సుద్ద ఆగిపోయింది.

"ఎవురు అడగమన్నారే నిన్ను?"

"ఎవురూ అన్లేదు సార్."

మొదటి దెబ్బ అప్పుడు పడింది.

"ఆ మేడమ్ అడగమనిందా?"

"లేదు సార్, నాకే తెలీక..."

"లెక్కపెట్టండి," అన్నారాయన క్లాసుతో. పిల్లలు మొదలుపెట్టారు.

నేను పరిగెత్తి గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆయన ఎడమచేత్తో ఆ పిల్ల జడ పట్టుకుని ఉన్నారు. కుడిచెయ్యి ఆమె ఎడమ చెవి మీద పడింది. ఆ చప్పుడు మిగతా చప్పుళ్ళలా లేదు, గాలి నింపిన కవరు పగిలినట్టుంది. పిల్ల అరవలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మళ్ళీ కొట్టారు. జడ వదిలేశారు. తల కిటికీ చువ్వకు కొట్టుకుని ఆమె కిందికి జారింది. కింద పడ్డదాన్ని కాలితో తన్నబోతుంటే నేను వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగాను. విసిరికొట్టారు. నా భుజం తలుపు గడియకు తగిలి గుడ్డ చిరిగింది. అప్పటికీ వెనక బెంచీల పిల్లలు లెక్కపెడుతూనే ఉన్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు కదా. "చాలు, ఆపండి" అని నేను అరిచాకే ఆపారు.

పిల్ల చెవిలోనుంచి సన్నటి రక్తం మెడ మీదికి దిగి, తెల్ల కాలరులో ఇంకింది. ఆయన తన అరచేతిని తిప్పి చూసుకుంటూ నిలబడ్డారు. హెడ్మాస్టరు వచ్చి మొదట అన్న మాట, "రక్తం కడగండి."

నేను కడగలేదు. ఎరువుల మూటలు తెచ్చిన ఒక ఆటో ఊళ్ళో ఉంటే, దానిలో పిల్లను పడుకోబెట్టుకుని బాగేపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుని, "మిస్, మీరు మాట్లాడతాంటే ఒక పక్కనే వినపడతాండాది," అంది.

కర్ణభేరి చిట్లిందనీ, చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలనీ డాక్టరు చెప్పారు. అంబులెన్సు కోసం చూస్తుండగా తల్లిదండ్రులు మోటారు సైకిల్ మీద వచ్చారు. తండ్రి టమోటా తోటలోనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ళకు బురద ఆరలేదు. కూతురి గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురు వైపు తిప్పి చూశాడు. ఎడమపక్కన కూర్చుని, "నొప్పి ఉండాదా నాయనా?" అని మెల్లగా అడిగాడు. ఆ పిల్ల పలకలేదు, ఎదురుగా ఉన్న గోడనే చూస్తోంది. తండ్రి ఇంకోసారి అడిగాడు. అప్పుడూ తిరగలేదు.

తండ్రి లేచాడు. "నువ్వు దాంతో పో," అని భార్యకు చెప్పి బయటికి నడిచాడు. ముఖంలో కోపం లేదు. నేను అంతకంటే భయపడింది ఎప్పుడూ లేదు. హెడ్మాస్టరుకు ఫోను చేసి గేటు వేయించమన్నాను. తల్లీబిడ్డలను అంబులెన్సు ఎక్కించి, అదే ఆటోలో వెనక్కి తిరిగాను.

నేను చేరేసరికి గేటు తెరిచే ఉంది. తండ్రీ, ఆయన తమ్ముడూ, ఊళ్ళోవాళ్ళు ఇంకొందరూ లెక్కల సారును స్టాఫ్ రూములోనుంచి ఈడ్చుకొచ్చి జెండా దిమ్మె పక్కన పడేశారు. టమోటా చెట్లకు ఊతంగా పాతే నీలగిరి కర్రలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. సారు చొక్కా పేలికలైపోయింది. వీపు మీద కర్ర పడ్డ చోటల్లా తోలు లేచి ఎర్రటి చారలు. తమ్ముడు చెప్పు కాలితో ముఖం మీద తన్నాడు. పళ్ళు రాలి రక్తంతో పాటు మట్టిలో పడ్డాయి. మొదట "మీ కాళ్ళు పట్టుకుంటానప్పా" అంటున్న మనిషి, ఆ తరువాత "అప్పా, అప్పా" అని మాత్రమే అంటున్నాడు. హెడ్మాస్టరు తన గదిలోపల గడియ పెట్టుకుని పోలీసులకు ఫోను చేస్తున్నారు.

అప్పుడు విన్నాను. కిటికీల దగ్గర గుమిగూడిన పిల్లలు లెక్కపెడుతున్నారు. ఒందు, ఎరడు, మూరు. కర్ర పడ్డప్పుడల్లా ఒక అంకె. కొందరు ఏడుస్తూ లెక్కపెడుతున్నారు, కొందరు నవ్వుతూ. ఎనిమిదో తరగతివాళ్ళు, నా పిల్లలు కూడా వాళ్ళలో ఉన్నారు.

ఆయన మీద జాలితో అడ్డం వెళ్ళానని చాలామంది అనుకున్నారు. ఆ క్షణాన నాకు ఆయన మీద జాలి లేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండు దెబ్బలకు నా లోపల ఏదో చల్లబడింది కూడా. ఆ లెక్క వినలేకే అడ్డం వెళ్ళాను.

"ఇడిసిపెట్టప్పా, సచ్చిపోతాడు."

"సావనీ. నువ్వు పక్కకు పో అమ్మా."

"ఆడ ఆసుపత్రిలో పాప నిన్ను అడిగితే ఏం చెప్పల్ల? జైలుకు పోయినాడని చెప్పల్లా?"

కర్ర అప్పటికే పైకి లేచి ఉంది. దిగేటప్పుడు నా కుడి ముంజేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు చెవులతో కాదు, ఒళ్ళంతా విన్నాను. కింద ఉన్న సారు మీదే పడ్డాను. ఆయన రక్తం నా ముఖానికి అంటింది, వెచ్చగా.

తండ్రి కర్ర వదిలేశాడు. "నువ్వేంటికమ్మా నడాన వచ్చినావు? నా బిడ్డను మోసుకొనిపోయినదానివి, నిన్ను కొట్టినానే," అంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తమ్ముడు ఇంకా తన్నుతూనే ఉంటే, నడుము పట్టి లాగింది కూడా ఆయనే. లాగిన తరువాత తమ్ముడి చెంప మీద ఒకటి కొట్టాడు. పోలీసులు వచ్చేదాకా ఇద్దరూ మట్టిలో కూర్చుని ఉన్నారు.

ముగ్గురం చిక్కబళ్ళాపురంలో ఒకే ఆసుపత్రిలో చేరాం. చెవుల వార్డులో పాప, ఎముకల వార్డులో నేను, మగవాళ్ళ వార్డులో దవడకు కట్టుతో, విరిగిన పక్కటెముకలతో ఆయన. హెడ్మాస్టరు పండ్లు తీసుకొచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. "పాప బెంచీ తగిలి పడిందని చెప్పమ్మా. ఊరోళ్ళు వాళ్ళ కేసు వాపసు తీసుకుంటారు. రాజీ అయిపోతాది. నీ చెయ్యి సంగతి కూడా ఎవురూ ఎత్తరు."

"నేను చూసినాను కద సార్. చూసింది చూసినట్టే చెప్తాను. రెండు పక్కలదీ."

అలాగే చెప్పాను. ఫలితంగా రెండు పక్కలకూ కాకుండా పోయాను. తోటి టీచర్లు కొందరు నాతో మాట్లాడటం మానేశారు, సాటి టీచరును పట్టించిందని. ఊళ్ళోవాళ్ళు కొందరు నేను నడిచి వెళుతుంటే ఉమ్మేవాళ్ళు, పాప తండ్రిని లాకప్పులో వేయించిందని. ఒక రోజు నా క్లాసు కిటికీలోనుంచి రాయి వచ్చి బోర్డుకు తగిలింది. ఆయనను అమానతు చేశారు, అంటే ఉద్యోగంలోనుంచి కొంతకాలం పక్కన పెట్టారు. తండ్రికి బెయిలు వచ్చింది. కేసులు రెండూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

బీజగణితం కోర్సు మాత్రం ఆగలేదు. చేతికి పిండికట్టుతో, ఎడమచేతి వేలితో ఫోనులో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ జవాబులు పంపాను. చివరి క్లాసు ఆన్‌లైన్‌లో కాకుండా అందరినీ చింతామణిలో ఒక కాలేజీ హాలుకు రమ్మన్నారు. వెనక బెంచీలో ఆయన కూర్చుని ఉన్నారు. అమానతులో ఉన్నవాళ్ళు రావలసిన పని లేదు. ముఖం ఒక పక్కకు వంగింది, పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయాయి. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు నా దగ్గరికి వచ్చారు. మాట తడబడుతోంది. నీళ్ళలో వేలు ముంచి బల్ల మీద ఒక చతురస్రం గీశారు. దాన్ని ఒక అడ్డగీతతో, ఒక నిలువుగీతతో నాలుగు భాగాలు చేశారు.

"ఇది ఎ స్క్వేర్. ఇది బి స్క్వేర్. పక్కన ఒక ముక్క, కింద ఒక ముక్క. ఆ రెండు ముక్కలమ్మా. ఇంతే." వేలు చొక్కాకు తుడుచుకున్నారు. "నాకు ఎవురూ చూపియ్యలేదు. మా మేష్టరు నన్ను గోడకుర్చీ వేయించి నోటికొచ్చేదాకా బాయిపాఠం చేయించినాడు."

ఆయన ఏడుస్తున్నారు. నాకు ఓదార్చాలనిపించలేదు. నీళ్ళతో గీసిన ఆ గీతలు ఆరిపోతుంటే, ఇంత చిన్నదానికి ఒక చెవి పోయిందే అని కడుపు మండింది.

"ఒకసారి ఆ పాపను చూసి రావల్లని ఉండాది. అడిగి చెప్తావా?"

"అడుగుతాను సార్. వద్దంటే రాకూడదు."

తల ఊపారు.

పాపను పాలడెయిరీ దగ్గర కలిసి అడిగాను. క్యాను కింద పెట్టింది. "ఆయప్ప గొంతు వింటే నాకు కాళ్ళు పడిపోతాయి మిస్," అంది. "వద్దని చెప్పండి."

ఆ మాట ఆయనకు ఫోనులో చెప్పాను. "సరేనమ్మా," అని పెట్టేశారు. తరువాత ఆయనను తిరిగి తీసుకుని ఏదో ఆఫీసులో వేశారని విన్నాను. క్లాసు ఇవ్వలేదు.

ఇప్పుడు తొమ్మిదో తరగతి కూడా నాదే. బోర్డు దగ్గరికి పిలిచి, తప్పు చూపించాలని సుద్ద పట్టుకున్న చెయ్యి ఎత్తితే, ఇప్పటికీ కొందరు పిల్లలు మోచేతులు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. నేను చెయ్యి దించి, కూర్చుని మాట్లాడతాను. ఆ పాప పదో తరగతిలో ఉంది. చెవికి ఆపరేషన్ చేశారు, సగం వినికిడి వచ్చింది. బడి ఖో-ఖో జట్టులో ఆడుతోంది. వెనకనుంచి తోటి పిల్ల 'ఖో' అన్నప్పుడు ఎడమవైపునుంచి ఆమెకు సరిగా వినపడదు. అందుకని జట్టువాళ్ళు ఆమె వీపు మీద గట్టిగా చరుస్తారు. చరిచినప్పుడల్లా ఆమె మొదట రెండు చేతులతో తల కప్పుకుంటుంది. ఆ తరువాత లేచి పరిగెడుతుంది.